జడ్జీలు కూడా బేరాలాడతారా? పాఠకుల ప్రశ్నలు, వకీలు జవాబులు

పోయిన సంచికలో పరువు నష్టం నోటీసుల గురించి, తీర్పు రాసేటప్పుడు జడ్జీలు ఒకరి కోసం ఒకరు వాక్యాలు మార్చుకోవడం గురించి నాలుగు ముక్కలు రాశానో లేదో, మన మహారాష్ట్రలో సిరోంచ నుంచి దెగ్లూర్ దాకా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వచ్చిపడ్డాయి. అన్నిటికీ ఇక్కడ జవాబు రాయడం కుదరదు. ఎక్కువమందికి ఉన్న సందేహాలు ఏరి రాస్తున్నాను. ఎవరి పేర్లూ వేయడం లేదు, ఎందుకో ఈ శీర్షిక చదివేవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: వకీల్ సాబ్, నమస్తే. మాది సిరోంచ తాలూకాల గోదావరి ఒడ్డు ఊరు. మేడిగడ్డ బ్యారేజీ నీళ్ళు మా చేన్లల్లకి రావడం, పరిహారం కోసం మేం తిరగడం మీకు ఎరుకే. సర్వే జాబితాల నా పేరు లేదని తెలిసినంక కోపం ఆగక ఊరి వాట్సాప్ గ్రూపుల "చేతులు తడిపినోళ్ళ చేన్లే మునిగినట్టు రాసుకున్నడు" అని ఒక అధికారి పేరు పెట్టి రాసిన. పెద్ద అధికారి కూడా కాదు. ఇప్పుడు పది లక్షల పరువు నష్టం అని నోటీసు వచ్చింది. నాగపూర్ల లా చదివే మా మేనల్లుడు "అమెరికాల సలివన్ కేసు ఉంది మామా, అధికారి మీద తప్పు రాసినా దావా నిలవది, ఆ తీర్పు కోసం జడ్జీలు లోపల్లోపల మస్తు బేరాలాడిన్రు" అంటుండు. నిజమేనా? నిజమైతే మాకేం పనికొస్తది?
– రైతు, సిరోంచ తాలూకా

జవాబు: ముందు నోటీసు సంగతి చూద్దాం. నోటీసు అంటే కేసు కాదు, ఒక వకీలు లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం. భయపడొద్దు, అలాగని చింపి పారేయొద్దు కూడా. ఆ మెసేజ్‌ని కంగారులో డిలీట్ చేసేముందు గ్రూపులో దాని పైనా కిందా ఏముందో కూడా కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసిపెట్టండి. మీ సాత్‌బారా (పొలం రికార్డు కాగితం), తహసీల్ ఆఫీసులో ఇచ్చిన అర్జీలు, అవి అందినట్టు వాటి మీద పడిన ఆవక్ ముద్రలు, పొలంలో నీళ్ళున్నప్పుడు తీసిన ఫోటోలు ఒక ఫైల్లో పెట్టి దగ్గర్లోని వకీలుకి చూపించి జవాబు ఇప్పించండి.

ఇక మీ మేనల్లుడు చెప్పింది చాలావరకు నిజం. ఆ కథ మనకి ఎందుకు పనికొస్తుందో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

1960 మార్చి 29న న్యూయార్క్ టైమ్స్ పేపర్లో ఒక ఫుల్ పేజీ ప్రకటన వచ్చింది. నల్లజాతివాళ్ళ ఉద్యమానికీ, మార్టిన్ లూథర్ కింగ్ మీద పెట్టిన కేసు ఖర్చుకీ చందాలివ్వమని అడిగిన ప్రకటన అది. అందులో తప్పులు దొర్లాయి. కింగ్‌ని ఏడుసార్లు అరెస్టు చేశారని రాశారు, చేసింది నాలుగుసార్లే. విద్యార్థులు పాడిన పాట ఒకటైతే ఇంకొకటి రాశారు. కాలేజీ భోజనశాలకి తాళం వేశారని రాశారు, ఎవరూ వేయలేదు. అలబామా రాష్ట్రంలో మాంట్‌గోమరీ అనే ఊళ్ళో పోలీసు శాఖని చూసే కమిషనర్ ఎల్.బి. సలివన్, ప్రకటనలో తన పేరు ఎక్కడా లేకపోయినా పోలీసుల్ని అంటే నన్ను అన్నట్టే కదా అని దావా వేశాడు. ఆ రోజు పేపరు సుమారు ఆరున్నర లక్షల కాపీలు వేస్తే అలబామా రాష్ట్రం మొత్తానికి వెళ్ళినవి 394, సలివన్ ఉండే కౌంటీకి వెళ్ళినవి 35. అయినా అక్కడి జ్యూరీ, అంటే కేసు విని తేల్చే మామూలు పౌరుల బృందం, 5 లక్షల డాలర్లు కట్టమంది. అంటే ఆ రాష్ట్రం గురించి ఏ పేపరూ ఇంక నోరెత్తకుండా చేసే ఏర్పాటన్నమాట.

కేసు సుప్రీం కోర్టుకి పోయింది. 1964 జనవరి 6, 7 తేదీల్లో వాదనలు, మార్చి 9న తీర్పు. మధ్యలో రెండు నెలలు. మీ మేనల్లుడు బేరాలన్నది ఈ రెండు నెలల గురించే. తొమ్మిది మంది జడ్జీల్లో ఒక్కరికి కూడా ఆ 5 లక్షల తీర్పు నిలబెట్టాలని లేదు, దాంట్లో గొడవే లేదు. కానీ ఏ కారణం చెప్పి కొట్టేయాలి, ఎంత దూరం పోవాలి అనేదగ్గర ఎవరి దారి వాళ్ళది. తీర్పు రాసే పని జస్టిస్ విలియం బ్రెనన్‌కి పడింది. హ్యూగో బ్లాక్, విలియం డగ్లస్, ఆర్థర్ గోల్డ్‌బర్గ్ ముగ్గురూ, అధికారి చేసే పని మీద విమర్శకి అసలు దావానే ఉండకూడదు, తెలిసి అబద్ధం రాసినా సరే అన్నారు. ఆ మాట రాస్తే మిగిలినవాళ్ళు సంతకం పెట్టరు. రాయకపోతే ఈ ముగ్గురూ విడిగా రాసుకుంటారు. అందుకని బ్రెనన్ మధ్యలో ఒక గీత గీశాడు. అధికారి దావా గెలవాలంటే రాసినవాడు అది అబద్ధమని తెలిసే రాశాడనో, నిజమో అబద్ధమో ఏమాత్రం లెక్కచేయకుండా రాశాడనో గట్టి సాక్ష్యంతో రుజువు చేయాలి.

దీంతో అయిపోయిందా అంటే కాలేదు. రూలు మాత్రం చెప్పి కేసు వెనక్కి పంపితే అలబామా కోర్టు మళ్ళీ ఒక జ్యూరీని కూర్చోబెట్టి అదే 5 లక్షలు మళ్ళీ వేయిస్తుందని బ్రెనన్‌కి తెలుసు. కాబట్టి ఈ సాక్ష్యాలు ఆ రూలుకి సరిపోవని మనమే తేల్చేద్దాం అన్నాడు. జస్టిస్ జాన్ హార్లన్ ఇక్కడ అడ్డం తిరిగాడు, సాక్ష్యం తూచే పని రాష్ట్రాల కోర్టులది, అందులో మనం ఎంతవరకు వేలు పెట్టొచ్చు అని ఆయన పట్టు. ఆ ఒక్క భాగం ఎన్నిసార్లు మారిందో. మొత్తం మీద ఎనిమిది డ్రాఫ్టులు తిరిగాయి. హార్లన్ విడిగా రాసుకోవడానికి కూడా సిద్ధపడ్డాడు, చివరికి తీర్పు రేపనగా బ్రెనన్‌కి ఫోన్ చేసి నాది వెనక్కి తీసుకుంటున్నా, నీతోనే ఉంటా అన్నాడు. ఒప్పుకోని బ్లాక్ కూడా ఈలోపు బ్రెనన్‌కి చీటీ రాశాడు, నా వాదన వేరు కానీ ఈ కేసులో నువ్వు చాలా మంచి పని చేస్తున్నావని.

మీకు పనికొచ్చే సంగతి ఇప్పుడొస్తుంది. ఆ తీర్పు కింద 23వ ఫుట్‌నోట్ ఒకటి ఉంది. ఈ రక్షణ కింది మెట్టు ఉద్యోగుల దాకా ఎంతవరకు పోతుందో ఇప్పుడు తేల్చాల్సిన అవసరం మాకు లేదు అని దాని సారాంశం. అలా పక్కన పెట్టిన ప్రశ్న రెండేళ్ళు తిరక్కుండానే 1966లో ఇంకో కేసుగా ఎదురొచ్చింది, ఈసారి ప్రభుత్వ స్కీయింగ్ కేంద్రం చూసుకునే ఒక మేనేజర్ వేసిన దావా. ప్రభుత్వ వ్యవహారాల మీద చెప్పుకోదగ్గ బాధ్యత, అజమాయిషీ ఉన్నవాళ్ళకి ఇది వర్తిస్తుందని అప్పుడు అన్నారు. మీకు నోటీసు పంపిన చిన్న అధికారి విషయంలో కూడా సరిగ్గా ఇదే ప్రశ్న వస్తుంది.

అమెరికా తీర్పు మన కోర్టుని కట్టిపడేయదు. కానీ 1994లో ఆటో శంకర్ కేసుగా పేరుపడ్డ రాజగోపాల్ కేసులో మన సుప్రీం కోర్టు సలివన్ తీర్పుని దగ్గర పెట్టుకునే రాసింది. ఉద్యోగ బాధ్యతల్లో చేసిన పని గురించి రాసినదాంట్లో తప్పున్నా, నిజానిజాలు బొత్తిగా పట్టించుకోకుండా రాశారని ఆ అధికారి రుజువు చేస్తే తప్ప నష్టపరిహారం రాదు. రాసినవాళ్ళు తగినంత విచారించి రాశామని చూపిస్తే చాలు. ఇక ప్రభుత్వం, పంచాయతీ, మునిసిపాలిటీ లాంటివైతే సంస్థగా పరువు నష్టం దావా వేయడానికే లేదు. అయితే అది ఒక పత్రిక వేసుకున్న కేసు, కోర్టు మాట్లాడింది పత్రికల గురించి. కోపంలో గ్రూపులో మెసేజ్ పెట్టిన రైతుకి అదే గొడుగు పడుతుందా అని అవతలి వకీలు తప్పకుండా అడుగుతాడు.

ఇంకో పీట ముడి. రాజగోపాల్ తీర్పు డబ్బు దావాల గురించి, క్రిమినల్ కేసు సంగతి వేరు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ, లేదా సమాజ సేవ వేయొచ్చు. మీరు రాసినదాంట్లో "చేతులు తడిపినోళ్ళు" అన్న ముక్కే అసలు ప్రమాదం. జాబితా తప్పు, సర్వే సరిగ్గా చేయలేదు, మునిగిన పొలం వదిలేశారు అని రాసుంటే అది ఆయన పని మీద విమర్శ, దానికి చట్టంలోనే మినహాయింపు ఉంది. లంచం అన్నది మాత్రం నిజమో కాదో తేల్చాల్సిన ఆరోపణ. ఎవరిచ్చారో చెప్పే మనిషి మీ వెనక ఉన్నాడా? లేకపోతే జవాబులో ఆ ఒక్క మాట వెనక్కి తీసుకుని మిగతాదాని మీద గట్టిగా నిలబడండి, తలవంపులేమీ కాదు.

ప్రశ్న: సార్, పిల్లలకి పౌరశాస్త్రం చెబుతాను. న్యాయమూర్తి ఎవరికీ లొంగకుండా తన మనస్సాక్షి ప్రకారం తీర్పు ఇస్తాడని పుస్తకంలో ఉంది. మీరేమో ఒకరి కోసం ఒకరు వాక్యాలు మార్చుకుంటారని అంటున్నారు. ఇది తప్పు కాదా?
– ఉపాధ్యాయుడు, కిన్వట్

జవాబు: మాస్టారూ, బయటివాడు వచ్చి జడ్జి చెవిలో ఊదితే అది తప్పు, నేరం కూడా. అదే కేసు విన్న జడ్జీలు ఒకరినొకరు ఒప్పించుకోవడం వాళ్ళ పనిలో భాగం. ఐదుగురు కూర్చుని ఐదు తీర్పులు రాసి అందరూ సరేనన్నా కారణాలు వేర్వేరుగా చెబితే, కింద మన జేఎంఎఫ్‌సీ (ఫస్ట్ క్లాస్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్) కోర్టు మేజిస్ట్రేటు దేన్ని పట్టుకోవాలి?

కానీ మీ అనుమానం ఊరికే కొట్టిపారేసేది కాదు. ఒకసారి ఈ బేరం ఏకంగా గెలిచినవాడిని ఓడించింది. జైలు నుంచి పారిపోయిన ఖైదీలు ఇంట్లో దూరి బందీలుగా పట్టుకున్న హిల్ అనే కుటుంబం, తమ కథని లైఫ్ పత్రిక తప్పుగా వేసిందని దావా వేసింది. 1966లో మొదటి ఓటింగ్‌లో ఆ కుటుంబానిదే పైచేయి, జస్టిస్ ఏబ్ ఫోర్టస్ వాళ్ళ తరఫున తీర్పు కూడా రాసేశాడు. పత్రికని గట్టిగానే తిట్టాడు అందులో. కేసు మళ్ళీ వాదనకి పెట్టారు. ఈలోపు బ్లాక్ ఒక పెద్ద మెమో రాసి అందరికీ పంచాడు, ఇలా పోతే పత్రికా స్వేచ్ఛకి ఏం గతి పడుతుందో వివరిస్తూ. 1967 జనవరిలో తీర్పు వచ్చేసరికి ఓట్లు తిరగబడ్డాయి, మెజారిటీ తీర్పు బ్రెనన్ రాశాడు, ఫోర్టస్ అసమ్మతి వర్గంలో మిగిలాడు. ఓడిపోయిన ఆ కుటుంబం వకీలు ఎవరనుకున్నారు, ఆ మరుసటి ఏడాది ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడైన రిచర్డ్ నిక్సన్.

1974 నాటి గెర్ట్జ్ కేసుదైతే ఇంకా ముచ్చట. షికాగోలో ఒక వకీలుని ఓ పత్రిక కమ్యూనిస్టు అని రాసింది. మామూలు మనిషికి అధికారికున్నంత కఠినమైన రూలు పెట్టాలా అన్నది ప్రశ్న. జస్టిస్ హ్యారీ బ్లాక్‌మన్ మూడేళ్ళ కిందట వేరే కేసులో ఒప్పుకున్న అభిప్రాయం ఈ మెజారిటీకి ఎదురు. అయినా ఐదో ఓటు వేశాడు. వేసి ఊరుకోకుండా, నా ఓటు లేకపోతే మెజారిటీ వచ్చేది కాదు, చట్టంలో ఏదో ఒక స్పష్టత ఉండాలి కాబట్టి కలిశాను, అవసరం లేకపోయుంటే నా పాత మాట మీదే ఉండేవాణ్ణి అని తీర్పులోనే రాసిపెట్టాడు. నాకు ఆ నాలుగు వాక్యాలంటే చాలా ఇష్టం. మనస్సాక్షి అమ్ముకున్నాడని మీరంటారేమో, నేనైతే ఎందుకు సర్దుకున్నాడో దాచకుండా చెప్పాడు చూడండి అంటాను. పిల్లలకి ఈ రెండూ చెప్పి చర్చ పెట్టండి, పుస్తకంలో పాఠం కంటే బాగుంటుంది.

ప్రశ్న: మన సుప్రీం కోర్టులో కూడా ఇలా జరుగుతుందా? జరిగితే మనకి ఎందుకు తెలియదు?
– పేపర్ మిల్లులో రిటైరైన ఉద్యోగి, బల్లార్‌పూర్

జవాబు: జరుగుతుందండీ, తెలియకపోవడానికి కారణం చాలా మామూలుది. అమెరికాలో బ్రెనన్, బ్లాక్‌మన్ లాంటి జడ్జీల డ్రాఫ్టులు, చీటీలు, ఓట్ల లెక్కలు అన్నీ వాళ్ళ జాతీయ గ్రంథాలయం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. బ్లాక్‌మన్ కాగితాలు 2004లో అందరికీ తెరిచారు. మన దగ్గర అలాంటి ఆనవాయితీ లేదు. జడ్జి రిటైరైతే కాగితాలు ఆయనతోటే పోతాయి. ఎప్పుడైనా తీర్పులోనే ఒక సందు తెరుచుకుంటే తొంగి చూడాలి, అంతే.

అలాంటి సందులు రెండు చెబుతాను. రాజ్యాంగాన్ని పార్లమెంటు ఎంతవరకు మార్చొచ్చో తేల్చిన 1973 కేశవానంద భారతి కేసు విన్నది పదముగ్గురు జడ్జీలు. ఏప్రిల్ 24న తీర్పు, ఆ మర్నాడే చీఫ్ జస్టిస్ సిక్రీ రిటైర్మెంటు. 7–6తో తేలిన ఆ తీర్పులో జస్టిస్ వై.వి. చంద్రచూడ్ మొదట్లోనే వాపోయాడు, అందరం కూర్చుని మనసు విప్పి మాట్లాడుకుంటే నేను ఎవరో ఒకరి తీర్పుతో ఏకీభవించేవాణ్ణి, వకీళ్ళే సమయమంతా తినేశారు, గడువు నెత్తి మీదికి వచ్చింది, అందుకే విడిగా రాయాల్సి వస్తోంది అని. ఫలితం మనం చూస్తూనే ఉన్నాం, పదకొండు వేర్వేరు తీర్పుల్లో అసలు ఏం తేలిందో తొమ్మిది మంది సంతకాలతో ఒక చిన్న కాగితం మీద సారాంశం రాసి ఇవ్వాల్సి వచ్చింది. దాని మీద ఈనాటికీ వాదనలున్నాయి.

రెండోది మన రాష్ట్రం కేసే, ముంబై ఆస్తుల గొడవ. 2024 నవంబర్ 5న తొమ్మిది మంది బెంచి తీర్పు ఇచ్చింది. చీఫ్ జస్టిస్ డి.వై. చంద్రచూడ్ రాసిన డ్రాఫ్టులో పాత తరం జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ గురించి ఉన్న కొన్ని మాటల్ని జస్టిస్ బి.వి. నాగరత్న తన తీర్పులో ఎత్తి చూపి అభ్యంతరం చెప్పారు. తీరా చూస్తే బయటికి వచ్చిన చీఫ్ జస్టిస్ తీర్పులో ఆమె ఎత్తి రాసిన ఒక వాక్యం లేదు! అంటే మధ్యలో తీసేశారు, కానీ ఈవిడ జవాబు మాత్రం అలాగే ఉండిపోయింది. కోర్టు గదుల్లో కాగితాలు ఎలా తిరుగుతాయో దీనికంటే కళ్ళకి కట్టినట్టు ఎవరు చూపించగలరు.

పరువు నష్టం విషయంలో నా బాధ వేరు. మన దగ్గర బేరం ఎక్కువై కాదు, బేరమాడే మనిషే లేక నష్టం జరిగిందంటాను. క్రిమినల్ పరువు నష్టం రాజ్యాంగానికి లోబడే ఉందా అన్నంత పెద్ద ప్రశ్న, సుబ్రహ్మణ్యస్వామి, రాహుల్ గాంధీ, కేజ్రీవాల్ లాంటి ఎదురెదురు పార్టీలవాళ్ళందరూ ఒకే పక్క నిలబడి అడిగిన ప్రశ్న, ఇద్దరు జడ్జీల బెంచి దగ్గర తేలిపోయింది. 2016 మే 13న జస్టిస్ దీపక్ మిశ్రా రాసిన తీర్పుతో జస్టిస్ ప్రఫుల్ల సి. పంత్ ఏకీభవించారు, చట్టం నిలబడింది. రాజ్యాంగం అర్థం మీద గట్టి ప్రశ్న వస్తే కనీసం ఐదుగురు కూర్చోవాలని 145(3) అధికరణం చెబుతుంది. ఐదుగురు కూర్చుని ఉంటే ఫలితం మారేదని నేను అనను, ఎందుకంటే వాక్‌స్వాతంత్ర్యానికి హద్దులు పెట్టే మన 19(2) అధికరణంలో పరువు నష్టం అన్న మాట పేరు పెట్టి మరీ ఉంది, వాక్‌స్వాతంత్ర్యం ఇచ్చే అమెరికా వాళ్ళ మొదటి సవరణలో అలాంటి మినహాయింపు రాసిలేదు. కానీ ఒక్కరైనా హార్లన్ లాగా పట్టుబట్టి ఉంటే తీర్పు ఇంకాస్త చిక్కగా, జైలు ఎప్పుడు వేయొచ్చు ఎప్పుడు వద్దు అన్న హద్దులతో వచ్చేదేమో. ఆ తీర్పు మొదటి వాక్యం చదివి అర్థం చేసుకోవడానికి ఇంగ్లీషు బాగా వచ్చిన వకీళ్ళే నిఘంటువు తీశారు, అది వేరే కథ. 2025 సెప్టెంబర్‌లో ఇంకో కేసు వింటూ జస్టిస్ ఎం.ఎం. సుందరేశ్, దీన్ని నేరాల జాబితాలోంచి తీసేసే సమయం వచ్చిందేమో అని మాటవరసకి అన్నారు. మాటవరసకే, తీర్పు కాదు.

ప్రశ్న: బేరం కుదరకపోతే ఏమవుతుంది సార్? ఇద్దరే జడ్జీలుండి ఒకరు అవును, ఒకరు కాదు అంటే?
– డిగ్రీ విద్యార్థిని, చంద్రపూర్

జవాబు: మన బాంబే హైకోర్టులోనే ఈమధ్య జరిగిందమ్మా. 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఐటీ రూల్స్ మార్చింది. కేంద్ర ప్రభుత్వ పనుల గురించి నెట్‌లో వచ్చినదాన్ని ప్రభుత్వమే పెట్టిన ఫ్యాక్ట్ చెక్ యూనిట్ తప్పు అని గుర్తు పెడితే, అది తీసేయని సోషల్ మీడియా కంపెనీలకి, జనం పెట్టినదానికి తాము బాధ్యులు కాకుండా చట్టం ఇచ్చే రక్షణ పోవచ్చు. హాస్యనటుడు కునాల్ కామ్రా వగైరా కోర్టుకి వెళ్ళారు. 2024 జనవరి 31న జస్టిస్ జి.ఎస్. పటేల్ రూలు చెల్లదన్నారు, జస్టిస్ నీలా గోఖలే చెల్లుతుందన్నారు. కేసు మూడో జడ్జి, జస్టిస్ ఎ.ఎస్. చందూర్కర్ దగ్గరికి పోయింది, నాగపూర్‌లో వకీలుగా పేరు తెచ్చుకున్న మనిషే. ఆయన మార్చిలో ఆ యూనిట్‌ని ఆపక్కర్లేదన్నారు, కేంద్రం వెంటనే యూనిట్‌ని ప్రకటించింది, మర్నాడే సుప్రీం కోర్టు స్టే ఇచ్చింది. సెప్టెంబర్ 20న అదే చందూర్కర్ గారు పూర్తి కేసు విని రూలు చెల్లదని పటేల్ గారి పక్షం చేరారు.

గమనించాల్సింది ఏంటంటే మూడో జడ్జికి బేరమాడే వీలు లేదు. ఎదుట రెండు అభిప్రాయాలుంటాయి, తేడా వచ్చిన అంశాల మీద ఏదో ఒక పక్కకి రావాలి. సలివన్ కేసులో లాగా మధ్యేమార్గం ఒకటి పుట్టే దారి అక్కడితో మూసుకుపోతుంది. నువ్వు లా చదవాలనుకుంటే ఈ మూడు అభిప్రాయాలు వరసగా చదువు, ఒకే రూలుని ముగ్గురు మూడు రకాలుగా ఎలా చదివారో తెలుస్తుంది.

ప్రశ్న: మన తెలుగు జడ్జీలు ఈ వాక్‌స్వాతంత్ర్యం విషయంలో ఏమైనా చేశారా?
– దెగ్లూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: చేశారు. పైన చెప్పిన రాజగోపాల్ తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్ రెడ్డి. అంతకు చాలా ముందు, రాజమండ్రి నుంచి వెళ్ళిన కోకా సుబ్బారావు గారు. 1958 డిసెంబర్‌లో పాట్నా పేపరు సర్చ్‌లైట్ కేసు వచ్చింది, బీహార్ అసెంబ్లీ రికార్డుల్లోంచి తొలగించిన ప్రసంగ భాగాన్ని అచ్చువేసిందని సభా హక్కుల నోటీసు ఇచ్చారు. ఐదుగురిలో నలుగురు సభ హక్కే గొప్పదన్నారు. సుబ్బారావు గారొక్కరే ప్రాథమిక హక్కు ముందు అది ఆగదని విడిగా రాశారు. ఆయన సర్దుకుపోయే రకం కాదు. 1962లో ఖరక్ సింగ్ కేసులో వ్యక్తిగత గోప్యత గురించి మైనారిటీలో ఉండి రాసిన మాటని 2017లో తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా నెత్తిన పెట్టుకున్నారు. మరి సర్చ్‌లైట్ అసమ్మతికి ఆ యోగం పట్టలేదు.

ప్రశ్న: అన్నీ రాసేవాళ్ళ తరఫునే చెబుతున్నారు. నాది మిర్చి వ్యాపారం. తూకంలో మోసం చేస్తానని ఒకడు మూడు గ్రూపుల్లో పెట్టాడు. రెండు ఊళ్ళ రైతులు మా కాంటాకి రావడం మానేశారు. నా పరువుకి విలువ లేదా?
– వ్యాపారి, ధర్మాబాద్

జవాబు: ఎందుకు లేదు సేట్? మీరు అధికారి కాదు, పైన చెప్పిన కఠినమైన రూలు మీకు అడ్డం రాదు. గెర్ట్జ్ కేసులో అమెరికా జడ్జీలు సర్దుకుని రాసింది కూడా ఇదే, పదవిలో లేని మనిషికి తన పరువు కాపాడుకునే దారి కొంచెం సులువుగా ఉండాలి, ఎందుకంటే ఎదురు జవాబు చెప్పుకోవడానికి అతనికి మైకులు, పేపర్లు ఉండవు.

డబ్బు దావా వేయాలంటే ఏడాదిలోపు వేయాలి, అడిగే మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు ఉంటుంది. క్రిమినల్ ఫిర్యాదైతే 2024 జులై నుంచి వచ్చిన కొత్త పద్ధతిలో కోర్టు కేసు తీసుకునేముందే అవతలి మనిషి మాట కూడా వింటుంది. నన్నడిగితే మాత్రం కోర్టుకంటే ముందు తూనికలు కొలతల శాఖ మీ కాంటాకి ముద్ర వేసి ఇచ్చిన సర్టిఫికెట్ ఫోటో ఆ మూడు గ్రూపుల్లోనూ పెట్టండి, అనుమానమున్న రైతుల్ని పిలిచి వాళ్ళ ఎదుటే బస్తాలు మళ్ళీ తూచండి. కోర్టులో కేసు తేలేలోపు మీకు ఎన్ని మిర్చి సీజన్లు పోతాయో మీకే తెలుసు. అతను నిజంగా బస్తాలో తేడా చూసి రాసుంటే మాత్రం, రైతుల మేలు కోసం చెప్పిన నిజం నేరం కాదని గుర్తుంచుకోండి.

ప్రశ్న: నేను ఊరి గ్రూపు అడ్మిన్‌ని. ఎవడో ఏదో పెడితే నన్ను కూడా లాగుతారా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– అహేరి నుంచి

జవాబు: పడుకోండి. 2021లో మన నాగపూర్ బెంచే చెప్పింది, సభ్యుడు పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్ బాధ్యుడు కాదని, ఇద్దరూ కలిసి అనుకుని చేస్తే తప్ప. అడ్మిన్ చేతిలో ఉన్నది మనుషుల్ని చేర్చడం, తీసేయడం, అంతవరకే. మెసేజ్ పడకముందే ఆపే శక్తి అతనికి లేదు కదా అన్నది జడ్జీల లెక్క. అయితే ఆ మెసేజ్‌ని మీరే ఇంకో గ్రూపుకి ఫార్వర్డ్ చేశారా, అప్పుడు మీరు అడ్మిన్ కాదు, రాసినవాడి పక్కన నిలబడ్డట్టే.